గోవాలో దుకాణం నడిపి జ్ఞానపీఠం అందుకున్న దామోదర్ మౌజో: మీ ప్రశ్నకి నా జవాబు

మీ ప్రశ్న చదివాను. తణుకులో కిరాణా షాపు, నాన్నగారు పోయాక మీ మీద పడింది. పొద్దున ఆరున్నరకి షట్టర్ ఎత్తితే మళ్ళీ దించేది రాత్రి పదికి. కథలు రాయాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. "గోవాలో ఒక దుకాణదారుకి జ్ఞానపీఠం వచ్చిందట, నిజమేనా? వ్యాపారం చేస్తూ ఎలా రాశారాయన? నేను షాపు తమ్ముడికి అప్పజెప్పి రాసుకోవడం మంచిదా?" అని అడిగారు. ఆఖరి ప్రశ్నకి ముందే చెప్పేస్తాను: వద్దు, షాపు వదలకండి. జ్ఞానపీఠం వచ్చిన మాట నిజమే, ఆయన పేరు దామోదర్ మౌజో. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఆయన సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నేను 23 ఏళ్ళు గోవాలోని వాస్కోలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపాను. కొంకణి నాకు కౌంటర్ దగ్గరే వచ్చింది. అక్కడ ప్రభుత్వం గుర్తించిన లిపి దేవనాగరి కాబట్టి, హిందీ చదవగలిగినవాడికి అక్షరాలతో ఇబ్బంది లేదు. మాట పట్టుబడడానికే నాలుగైదేళ్ళు పట్టింది. అప్పుడు చదివిన మొదటి రచయిత దామోదర్ మౌజో. అక్కడివాళ్ళు ఆయన్ని 'భాయ్' అంటారు.

సరుకు కోసం వారానికోసారి వాస్కో నుంచి మడగావ్‌కి లోకల్ రైల్లో వెళ్ళేవాణ్ణి. ఆ దారిలో మజోర్డా అని చిన్న స్టేషన్ వస్తుంది. కొబ్బరి తోటలు, వరి చేలు, కాస్త నడిస్తే సముద్రం. మా కోనసీమవాళ్ళకి కొత్తగా అనిపించని ఊరు. కాకపోతే ఊరి మధ్యలో తెల్లటి పెద్ద చర్చి ఉంటుంది, ఇళ్ళ ముందు వీధి వైపు అరుగులుంటాయి. పోర్చుగీసు పాదిరీలు గోవాలో మొదట ఈ ఊరివాళ్ళకే బ్రెడ్ కాల్చడం నేర్పారని, ఈస్టు దొరక్క కల్లుతో పిండి పులియబెట్టారని చెప్పుకుంటారు. మౌజో పుట్టింది ఈ ఊళ్ళోనే, 1944 ఆగస్టు 1న. వాళ్ళ కుటుంబానికి ఊళ్ళో దుకాణం ఉండేది. కొంకణిలో దుకాణాన్ని 'పొసొరో' అంటారు, నడిపేవాణ్ణి 'పొసొర్కార్' అంటారు. సబ్బులూ బియ్యమూ మొదలుకొని ఇంటికి కావలసినవన్నీ దొరికే ఊరి కొట్టు అనుకోండి. మీదీ అదే కదా.

ఆయన చదువు సంగతి ఒక్క నిమిషం ఆగి చూడాలి. ప్రాథమిక విద్య పోర్చుగీసులో, మరాఠీలో. హైస్కూలు మడగావ్‌లోని న్యూ ఎరాలో. తర్వాత బొంబాయి వెళ్ళి పోదార్ కాలేజీలో బీకాం, 1966లో పూర్తయింది. ఇందులో కొంకణి ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఇంట్లో మాట్లాడే భాష, సంతలో బేరమాడే భాష, తిట్టుకునే భాష, పాడుకునే భాష, బడిలో మాత్రం లేని భాష. 1684లోనే పోర్చుగీసు వైస్రాయి కొంకణి వాడకం మానాలని ఫర్మానా ఇచ్చాడు. మూడు వందల ఏళ్ళ చిన్నచూపు తర్వాత ఆ భాషని రాతకి పనికిరాని యాసగా చాలామంది గోవావాళ్ళే అనుకున్నారు. 1961 డిసెంబరు 19న గోవా విముక్తమైనప్పుడు మౌజోకి 17 ఏళ్ళు. ఆ వయసుకి పోర్చుగీసూ మరాఠీ చదువుకున్న కుర్రాడు, తర్వాత బీకాం చదివినవాడు, ఊరికొచ్చి కొట్టులో కూర్చుని, బడిలో ఎవరూ నేర్పని భాషలో కథ రాశాడంటే దాని బరువు మనకి వెంటనే అర్థం కాదు. మనకి నన్నయ నుంచీ రాతలో తెలుగుంది. పెద్దబాలశిక్షతో మొదలుపెట్టిన వాళ్ళం.

మరి ఆయనకి భాష ఎక్కడ దొరికింది? నేను గట్టిగా నమ్మేదేమిటంటే, ఆ కొట్టులోనే దొరికింది. ఇది షాపు నడిపిన మనలాంటివాళ్ళకి త్వరగా అర్థమయ్యే విషయం. తెల్లారితే మీ దగ్గరికి ఎంతమంది వస్తారు? వచ్చిన ప్రతివాడూ తన మాటతో వస్తాడు. అప్పు అడిగే గొంతు వేరు, పాత బాకీ తీర్చేవాడి గొంతు వేరు. ఒకామె అర కిలో పంచదార అడిగే తీరులోనే ఇంటికి చుట్టాలొచ్చారని తెలిసిపోతుంది. అదే మనిషి వారం తర్వాత పావు కిలో అడిగితే ఇంకేదో జరిగిందని తెలుస్తుంది. పద్దు పుస్తకం తిరగేస్తే వీధి మొత్తం అందులో కనబడుతుంది.

మజోర్డా ఉన్న సాల్సెట్ తాలూకాలో క్యాథలిక్‌లు ఎక్కువ. మౌజో హిందువు. ఆయన పుస్తకాలు తెరవండి, లోపల తిరిగేవాళ్ళలో ఎక్కువమంది ఆ క్యాథలిక్ ఇరుగుపొరుగే. ఓడల్లో పనిచేసే 'తార్వటి'లు, వాళ్ళ కోసం ఎదురుచూసే భార్యలు, చేపలు పట్టేవాళ్ళు, పొలం కూలీలు. చర్చి గంటల మధ్య, పెళ్ళి విందుల మధ్య వాళ్ళు మాట్లాడుకునే కొంకణి, హిందూ ఇళ్ళలోని కొంకణి కంటే కొంచెం తేడాగా ఉంటుంది, పోర్చుగీసు మాటలు ఎక్కువ. ఆ తేడా ఆయన రాతలో తప్పిపోదు. పరాయి మతంవాళ్ళ ఇంటి సంగతులు లోపలి మనిషిలా రాయడం ఎంత కష్టమో చూడండి. వాళ్ళ ఇంటికి వెళ్తే మీరు అతిథి, ముందు గదిలోనే కూర్చోబెడతారు. వాళ్ళు మీ కొట్టుకి వస్తే మాత్రం దాపరికం లేకుండా మాట్లాడతారు. మౌజో కూడా తన మనుషులూ కథలూ ఆ ఊరి నుంచే, ఆ కొట్టుకి వచ్చిపోయే జనం నుంచే వచ్చాయని మొదటినుంచీ చెప్తూ వచ్చారు.

1971లో మొదటి కథల సంపుటి 'గాంఠన్' వచ్చింది. ఆ తర్వాత 'జాగరణా', 'రుమడ్‌ఫుల్', మరికొన్ని. నవలల్లో 'సూద్' ముందు, 1981లో 'కార్మెలిన్'. ఈ నవలకి 1983లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. మిగతావాటి గురించి తర్వాత చెప్తాను, 'కార్మెలిన్' దగ్గర మాత్రం ఆగకుండా ముందుకి పోలేను.

కార్మెలిన్ దిక్కులేక బంధువుల పంచన పెరిగిన పిల్ల. పెళ్ళయింది, మొగుడు తాగుడికి లోబడ్డాడు, ఒక కూతురు. ఆ కూతురి బతుకైనా బాగుండాలని కువైట్‌లో ఆయాగా పనికి వెళ్తుంది. అక్కడ యజమాని ఆమె ఒంటిని కూడా తన సొత్తే అనుకుంటాడు. ఆమె పంపిన డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది, కూతురు పెరుగుతుంది. ఆమె ఏం పోగొట్టుకుందో ఆ ఇంటి గోడలకి తెలియదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు, మా కోనసీమలో, ఈ కథ ఎవరికి చెప్పక్కర్లేదు? ఇలా ఇంటిపనికి వెళ్ళే వీసాని మనవాళ్ళు 'ఖద్దామా వీసా' అంటారు. ఊరికి ఒక డాబా ఇల్లు, దాని వెనక కువైట్‌లోనో దుబాయ్‌లోనో పదేళ్ళు గిన్నెలు తోమిన ఒక తల్లి. మన సంగతిని నాలుగు దశాబ్దాల కిందటే ఒక గోవా దుకాణదారు కొంకణిలో రాసి పెట్టాడని నాకు ముప్పై ఐదో ఏట గానీ తెలియలేదు.

ఈ నవల నేను చదవడానికి కారణం మా షాపుకి వచ్చిన ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. మిక్సీ, రెండు సీలింగ్ ఫ్యాన్లు, ఒక ఐరన్ బాక్స్ తీసుకుంది. డబ్బు చేతిరుమాలులో మడిచి తెచ్చింది, కొత్త నోట్లు, ఒక్కటీ నలగలేదు. వెంట వాళ్ళమ్మ, ఏడెనిమిదేళ్ళ పాప ఉన్నారు. బిల్లు రాస్తుంటే ఆవిడ పాపని దగ్గరికి రమ్మని చెయ్యి చాపింది. పాప అమ్మమ్మ కొంగు పట్టుకుని వెనక్కి జరిగింది. ఆవిడ మళ్ళీ పిలవలేదు. చాపిన చేతిని మెల్లిగా తీసి మిక్సీ డబ్బా మీద పెట్టుకుని, "దీనికి గ్యారంటీ ఎన్నాళ్ళు?" అని అడిగింది. అంతే జరిగింది. కువైట్ నుంచి ఆరేళ్ళ తర్వాత వచ్చిందని, రెండు నెలలుండి మళ్ళీ వెళ్ళిపోతుందని వాళ్ళమ్మ చెప్పింది. ఆ సాయంత్రం పక్క షాపాయనకి ఈ మాట చెప్తే, "నువ్వు కార్మెలిన్ చదవలేదా?" అని తన దగ్గరున్న పుస్తకం ఇచ్చాడు.

ఇక్కడే మీకొక జాగ్రత్త చెప్పాలి. కౌంటర్ మీద విన్నది కథకి పనికొస్తుంది గానీ, అది మనల్ని నమ్మి చెప్పిన మాట. నేను ఒకసారి ఈ తప్పు చేశాను. మా షాపుకి వచ్చే ఒక తెలుగు పోర్టు కార్మికుడి ఇంటి గొడవని పేరు ఒక్కటే మార్చి కథగా రాశాను. ఒక వారపత్రికలో అచ్చయింది. వాస్కోలో తెలుగువాళ్ళం ఎంతమందిమి ఉంటాం? వారంలో అతనికి తెలిసింది. షాపుకి రావడం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. మౌజో పుస్తకాలు ఆ తర్వాత మళ్ళీ చదివితే నా తప్పేమిటో అర్థమైంది. ఆయన మనుషులు ఆ ఊరి మనుషులే, కానీ ఎవరినీ బజారున పెట్టడం కనపడదు. తాగుబోతునైనా, చెయ్యి చేసుకునే మొగుణ్ణైనా వాడి వైపు నుంచి కూడా కాసేపు చూపిస్తారు. 'తెరెసా మొగుడు' కథలో పీటర్ భార్య సంపాదన మీద బతికే నిరుద్యోగి. అలాంటివాణ్ణి తిట్టడం ఎంత తేలికో, వాడి లోపల రోజూ రగిలే అవమానాన్ని రాయడం అంత కష్టం. ఆయన రెండోది చేశారు, అలాగని వాడి తప్పుని మాఫీ చెయ్యలేదు.

మీరింకో మాట కూడా అడిగారు, వ్యాపారమూ రాతా కాక మూడో పనికి టైమెక్కడిదని. ఆయనకి మూడో పని కూడా ఉండేది, అది భాష కోసం పోరాటం. 1967 జనవరి 16న గోవాలో జనవాక్య సేకరణ జరిగింది, మహారాష్ట్రలో కలవాలా వద్దా అని. వద్దన్నవాళ్ళు 34,021 ఓట్ల మెజారిటీతో గెలిచారు. కలిసిపోయి ఉంటే కొంకణి మరాఠీకి ఒక మాండలికంగా మిగిలేదేమో. 1975లో సాహిత్య అకాడమీ కొంకణిని స్వతంత్ర భాషగా గుర్తించింది. అయినా గోవాలో అధికార హోదా లేదు. దాని కోసం 80లలో 'కొంకణి పొర్జెచొ ఆవాజ్' అనే ఉద్యమం లేచింది, అంటే కొంకణి ప్రజల గొంతు అని. మౌజో దాని నడిపించే కమిటీలో ఒకరు. రోడ్ల దిగ్బంధాలు, ఘర్షణలు, ప్రాణనష్టం కూడా జరిగాయి. 1987 ఫిబ్రవరి 4న అధికార భాషా చట్టం వచ్చింది, అదే ఏడాది మే 30న గోవా రాష్ట్రమైంది, 1992లో కొంకణి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. భాషా ప్రయుక్త రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు ప్రాణం ఇచ్చిన నేల మనది, ఈ ఆరాటం ఏమిటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

చట్టం వచ్చాక కూడా ఒక బాధ మిగిలింది. అధికారిక లిపి దేవనాగరి. గోవా క్యాథలిక్‌లు తరాలుగా కొంకణిని రోమన్ లిపిలో, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు, చర్చి పత్రికలూ నాటకాలూ అందులోనే. అటు కర్ణాటకలో కన్నడ లిపి, కేరళలో మలయాళ లిపి కూడా వాడతారు. అంటే మౌజో దేవనాగరిలో ఏ ఇరుగుపొరుగు గురించి రాశారో, వాళ్ళలో చాలామంది ఆ పుస్తకాన్ని సాఫీగా చదవలేరు. మా షాపుకి వచ్చే క్యాథలిక్ ముసలాయన ఒకరు నా చేతిలో పుస్తకం చూసి, "నువ్వే చదివి వినిపించు, భాష నాదే, అక్షరాలు నావి కావు" అన్నారు. రెండు పేజీలు చదివాను. నా ఉచ్చారణ దిద్దుతూ విన్నారు. ఈ లిపి గొడవలో ఎవరిది న్యాయమో తేల్చే అర్హత నాకు లేదు గానీ, రోమన్ లిపి వాళ్ళ బాధ ఉత్తదని మాత్రం నేననను.

ఇక డబ్బు విషయం. 2011 జనాభా లెక్కల్లో కొంకణి మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 22.5 లక్షలు. తెలుగు ఎనిమిది కోట్లు పైచిలుకు. ఎనిమిది కోట్లున్న మన భాషలోనే కథలు రాసి ఇల్లు గడవదు, ఇక 22 లక్షలని లిపులవారీగా ముక్కలు చేస్తే పుస్తకం అమ్మకం ఎంతుంటుందో లెక్క మీరే వేసుకోండి. అందుకే కొంకణి రచయితలకి వేరే వృత్తి తప్పనిసరి. మహాబలేశ్వర్ సైల్ సైన్యంలో పనిచేసి వచ్చినవారు. మడగావ్‌కి చెందిన దత్తా దామోదర్ నాయక్ వ్యాపారవేత్త, 2006లో ఆయన వ్యాసాల పుస్తకం 'జాయ్ కాయ్ జూయ్'కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మీరడిగిన 'వ్యాపారం చేస్తూ సాహిత్యంలో నిలబడ్డవాళ్ళు' అక్కడ ఒక్కరే కాదన్నమాట. పుస్తకం అమ్ముడుపోకపోయినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందనే ధీమా ఉన్నవాడు తన మాట తాను రాసుకోగలడు. నెల తిరిగేసరికి చెక్కు రావాలని చూసేవాడు పత్రికవాళ్ళు అడిగింది రాస్తాడు. మీ షాపు మీకు ఆ ధీమా ఇస్తోంది, దాన్ని తక్కువ చెయ్యకండి.

ఆ ధీమాతోనే కావచ్చు, మౌజో ఎవరికీ జంకలేదు. 2015లో కన్నడ పండితుడు కల్బుర్గి గారి హత్య తర్వాత రచయితల తరఫున గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఆయన ఒకరు. 2018లో, జర్నలిస్టు గౌరీ లంకేశ్ హత్య కేసు దర్యాప్తులో మౌజో ప్రాణాలకి కూడా ముప్పుందని బయటపడింది. గోవా పోలీసులు రక్షణ ఇచ్చారు. అప్పటికి ఆయనకి 74 ఏళ్ళు నిండవస్తున్నాయి. జీవితమంతా ఊరి కొట్టు తలుపులు బార్లా తెరుచుకుని కూర్చున్న మనిషి ఇంటి ముందు తుపాకీతో కాపలా అంటే ఎలా ఉంటుంది? అయినా రాయడం ఆపలేదు, మాట్లాడడమూ ఆపలేదు. రచయిత వివేక్ మెనెజెస్‌తో కలిసి మొదలుపెట్టిన గోవా సాహిత్య ఉత్సవాన్ని అలాగే నడిపించారు.

2021 డిసెంబరులో 57వ జ్ఞానపీఠ పురస్కారం ఆయనకి ప్రకటించారు. కొంకణికి అది రెండోది, మొదటిది 2006 సంవత్సరానికి రవీంద్ర కేళేకర్‌కి. మనకి విశ్వనాథ, సినారె, రావూరి భరద్వాజ, మొత్తం మూడు. మన జనాభా పక్కన కొంకణి జనాభా పెట్టి చూస్తే రెండు ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది. ఆ వార్త వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను, వాస్కో వదిలేసి అప్పటికే కొన్నేళ్ళయింది. నాకు కార్మెలిన్ ఇచ్చిన పక్క షాపాయన ఫోన్ చేశాడు. "మా పొసొర్కార్‌కి వచ్చింది" అన్నాడు. రచయిత అనలేదు, భాయ్ అని కూడా అనలేదు. ఆ ఒక్క మాట విని నాకు కళ్ళు చెమర్చాయి.

చదవాలనుకుంటే మీకు కొంకణి రాకపోయినా పర్లేదు. ఇంగ్లీషులో 'కార్మెలిన్' విద్యా పై అనువాదంలో ఉంది. కథలకి జేవియర్ కోటా అనువదించిన 'తెరెసాస్ మ్యాన్ అండ్ అదర్ స్టోరీస్ ఫ్రమ్ గోవా' (2014), 'ది వెయిట్ అండ్ అదర్ స్టోరీస్' (2022) ఉన్నాయి. ముందు కథలతో మొదలుపెట్టండి, రాత్రి షట్టర్ దించాక ఒకటి చదవడానికి సరిపోతాయి. 2004 నాటి సునామీ చుట్టూ అల్లిన 'సునామీ సైమన్' నవల కూడా దొరికితే వదలకండి.

టైము గురించి నా అనుభవం చెప్తాను. గోవాలో మధ్యాహ్నం ఒంటిగంటకి షాపులు మూసి మళ్ళీ మూడున్నర, నాలుక్కి తీస్తారు. నేను రాసిందంతా ఆ రెండున్నర గంటల్లోనే. తణుకులో అలా కుదరదని తెలుసు. కానీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మీకూ గిరాకీ పల్చగానే ఉంటుంది. ఆ టైములో ఫోన్ లోపల పెట్టేసి ఒక నోట్‌బుక్ దగ్గరుంచుకోండి. కథ రాయాలని కూర్చోవద్దు. ఆ పొద్దున విన్న మాటల్లో ఒకటి, అన్నవాళ్ళ నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే రాయండి, వ్యాకరణం దిద్దకుండా. ఎవరన్నారో మాత్రం రాయకండి. ఆరు నెలలకి మీ దగ్గర వంద మాటలైనా ఉంటాయి.

ఇంకొక్కటి. మా షాపు ముందు ఒక చెక్క బెంచీ ఉండేది. ఫ్యాన్లు డిస్‌ప్లే పెట్టాలని ఒక దీపావళికి దాన్ని తీసేసి ర్యాక్ వేయించాను. అమ్మకం కాస్త పెరిగింది. కానీ జనం సామాను తీసుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టారు, ఎవరూ ఆగడం లేదు. నాలుగు నెలల్లో నా నోట్‌బుక్‌లో ఒక్క పేజీ నిండలేదు. ఎందుకో తెలిశాక ర్యాక్ లోపలికి జరిపి, బెంచీ మళ్ళీ బయట వేశాను. మీ షాపు ముందు బెంచీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే ఒకటి వేయించండి, ఇద్దరు కూర్చునేంత వెడల్పున్నా చాలు.